నాన్న స్టెంట్‌కి పెట్ స్కాన్ ఎందుకు రాశారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మాది మల్కాజిగిరి. మా నాన్నకి 69 ఏళ్లు, ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు, షుగర్ ఉంది. రెండేళ్ల కింద కడుపులో పెద్ద రక్తనాళం 5.8 సెంటీమీటర్లకు ఉబ్బిందని గజ్జల్లోంచి స్టెంట్ గ్రాఫ్ట్ వేశారు. బాగానే కోలుకున్నారు. నాలుగు నెలల నుంచి సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతోంది, నడుం నొప్పి అంటున్నారు, ఆరు కిలోలు తగ్గారు. మా వీధి చివర క్లినిక్‌లో మూడుసార్లు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. వాడినన్నాళ్లు తగ్గుతుంది, ఆపిన వారానికి మళ్లీ మొదలు. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే సీఆర్పీ అనే రక్తపరీక్షలో 64 వచ్చింది. సీటీలో గ్రాఫ్ట్ చుట్టూ కణజాలం కాస్త మందంగా ఉంది, ఇన్ఫెక్షన్ అవునో కాదో చెప్పలేం అని రాశారు. ఇప్పుడు సర్జన్ గారు పెట్ సీటీ చేయించమన్నారు. పెట్ స్కాన్ క్యాన్సర్‌కే కదా రాసేది, మన దగ్గర ఏదో దాస్తున్నారు అని మా బావగారు ఒకటే గొడవ. అమ్మేమో న్యూక్లియర్ అన్న మాట వినగానే భయపడిపోయింది. చేయించాలా, వద్దా?

జవాబు: చేయించండమ్మా. కాకపోతే స్కాన్ కంటే ముందు జరగాల్సిన పని ఒకటుంది, మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. నాన్నగారికి బ్లడ్ కల్చర్ తీశారా? మూడు కోర్సుల యాంటీబయాటిక్స్ పడ్డాయంటున్నారు, ఒక్కసారైనా మందు మొదలుపెట్టకముందు రక్తం తీసి ఏ క్రిమి ఉందో చూశారా? చూడలేదనే అనుకుంటున్నాను, ఎందుకంటే మన ఊళ్లో జ్వరం వస్తే ముందు మెడికల్ షాపు, తర్వాత క్లినిక్, ఆ తర్వాత పెద్దాసుపత్రి, ఈ వరస ఎన్నేళ్లయినా మారలేదు. గ్రాఫ్ట్ ఒంట్లో ఉన్న మనిషికి వారం దాటిన జ్వరం మామూలు జ్వరం కాదు. ఇప్పుడు మందు ఆపి ఉంటే మళ్లీ మొదలుపెట్టకండి. సర్జన్ గారితో మాట్లాడి ముందు కల్చర్లు పంపించండి, ఒక చేతి నుంచి ఒకటి, రెండో చేతి నుంచి ఇంకోటి, అలా కనీసం రెండు మూడు సెట్లు. ఈలోగా చలి వణుకుతో జ్వరం పెరిగినా, మనిషి మత్తుగా అయినా, బీపీ పడిపోయినా ఇంట్లో ఎదురుచూడొద్దు, ఆసుపత్రిలో చేర్పిస్తే కల్చర్ తీసిన వెంటనే మందు వాళ్లే మొదలుపెడతారు.

ఇప్పుడు మీ బావగారి సంగతి. ఆయన అనుమానంలో తప్పేం లేదు. పెట్ సెంటర్ బయట కుర్చీల్లో కూర్చునేవాళ్లలో ఎక్కువమంది క్యాన్సర్ పేషెంట్లే. కానీ ఆ మెషీన్‌కి క్యాన్సర్ అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసిందల్లా చక్కెర. ఎఫ్‌డీజీ అనే మందు గ్లూకోజ్ లాంటిదే, దానికి ఫ్లోరిన్-18 అనే రేడియో పదార్థం తగిలించి నరంలోకి ఎక్కిస్తారు. ఒంట్లో ఎక్కడ కణాలు ఆబగా గ్లూకోజ్ లాగుతున్నాయో అక్కడ ఇదీ వెళ్లి ఇరుక్కుపోతుంది, కెమెరాలో ఆ చోటు వెలుగుతుంది. క్యాన్సర్ కణం అలా లాగుతుంది. క్రిములతో కొట్లాడుతున్న తెల్ల రక్తకణాలూ అలాగే లాగుతాయి. మీ నాన్నగారికి వెతుకుతున్నది ఆ రెండోదాన్ని. గ్రాఫ్ట్ మీద యుద్ధం జరుగుతోందా, జరిగితే ఎంత మేర, గ్రాఫ్ట్ దాటి వెన్నుపూసలోకో పక్క కండరంలోకో పాకిందా అన్నది. నడుం నొప్పి అంటున్నారు కాబట్టి వెన్నుపూస సంగతి నాకూ తెలుసుకోవాలనే ఉంది.

అసలు రెండేళ్ల తర్వాత ఇన్ఫెక్షన్ ఏమిటని మీకు అనిపించవచ్చు. గ్రాఫ్ట్ అంటే పాలిస్టర్ బట్ట గొట్టం, కొన్ని రకాలు టెఫ్లాన్ జాతివి, దానికి లోహపు జాలీ. దాని మీద చర్మం మీది క్రిమి ఒకటి, ఆపరేషన్ రోజే కావచ్చు, తర్వాతెప్పుడో కాలి పుండులోంచో మూత్రం ఇన్ఫెక్షన్‌లోంచో రక్తంలో కొట్టుకొచ్చి కావచ్చు, అతుక్కుని తన చుట్టూ జిగురు పొర అల్లుకుంటుంది. మిద్దె మీద నీళ్ల ట్యాంకు లోపలి గోడకు పాకుడు పడుతుంది చూడండి, అలా. ట్యాంకులో నీళ్లు ఎన్నిసార్లు మార్చినా ఆ పాకుడు పోదు. యాంటీబయాటిక్ కూడా రక్తంలో తేలే క్రిముల్ని చంపుతుంది, పొర కింద ఉన్నవి అలాగే ఉంటాయి. మందు వాడినప్పుడు జ్వరం తగ్గి, ఆపగానే వస్తోందని మీరు రాసింది చదవగానే నాకు తట్టింది ఇదే. స్టాఫిలోకాకస్‌లో ఎపిడెర్మిడిస్ అనే రకం ఇలా నెలలూ ఏళ్లూ చప్పుడు చేయకుండా కూర్చుంటుంది, పెద్ద జ్వరం ఉండదు, కల్చర్‌లో కూడా ఓ పట్టాన దొరకదు. ఇదేమీ తరచుగా వచ్చే జబ్బు కాదు, ఇలా స్టెంట్ గ్రాఫ్ట్ వేయించుకున్నవాళ్లలో నూటికి ఒకరికి కూడా రాకపోవచ్చు. వస్తే మాత్రం దాన్ని వదిలేయడానికి లేదు, వదిలేస్తే ప్రాణం తీస్తుంది.

సరే, స్కాన్‌లో వెలిగింది అనుకుందాం. అంటే ఇన్ఫెక్షన్ ఖాయమేనా? కాదు. ఈ మాట పేషెంట్లకే కాదు, కొత్తగా వచ్చే మా జూనియర్లకూ పదిసార్లు చెప్పాల్సి వస్తుంది. ఒంట్లోకి పరాయి వస్తువు వెళితే, దానికి ఒక్క క్రిమి పట్టకపోయినా సరే, శరీరం ఊరుకోదు, దాని చుట్టూ కణాల్ని మోహరిస్తుంది. ఆ కణాలూ గ్లూకోజ్ తింటాయి, వెలుగుతాయి. పాలిస్టర్ గ్రాఫ్ట్ అయితే ఆ వెలుగు ఏళ్ల తరబడి కూడా సన్నగా ఉండొచ్చు.

మీ అమ్మగారికి భయం పోవడానికి పనికొస్తుందేమో, ఇక్కడ ఒక కథ. న్యూక్లియర్ అనగానే లోకానికి గుర్తొచ్చే ఐన్‌స్టీన్‌కి ఉన్నది మీ నాన్నగారి జబ్బే, పొట్టలో బృహద్ధమని ఉబ్బు. 1948లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ పొట్ట కోసి చూసి, అప్పటికి మార్చడానికి గ్రాఫ్టులు లేవు కాబట్టి, ఆ ఉబ్బు చుట్టూ సెలోఫేన్ కాగితం చుట్టి మూసేశారు. మిఠాయి పొట్లాలకు చుడతారే, ఆ జాతిదే. ఎందుకంటే పరాయి వస్తువు తగిలితే శరీరం దాని చుట్టూ గట్టి మచ్చ కణజాలం కడుతుంది, ఆ మచ్చే గోడలా ఉబ్బుని పట్టి ఉంచుతుందని. ఆయన ఇంకో ఆరేళ్లకు పైగా బతికారు. 1955 ఏప్రిల్‌లో అది పగిలి పోయారు, అప్పటికి ఆపరేషన్ వచ్చినా వద్దన్నారు. ఆనాడు ఆయన్ని కాపాడుతుందని కావాలని పుట్టించిన ఆ రియాక్షనే ఈనాడు మా స్కాన్‌లో వెలిగి మమ్మల్ని తికమక పెడుతోంది.

కాబట్టి వెలిగిందా లేదా అని కాదు, ఎలా వెలిగింది అని చూస్తాం. గొట్టం పొడుగునా సమానంగా, పలచగా పూత పూసినట్టు ఉంటే శరీరం గొణుగుడు అనుకోవచ్చు. ఒకటి రెండు చోట్ల చుక్కలా గాఢంగా వెలిగి, అంచులు చెదిరి, గ్రాఫ్ట్ గీత దాటి బయటికి పాకి, సీటీలో కూడా సరిగ్గా అక్కడే మందమో నీరో గాలిబుడగో ఉంటే అప్పుడు అనుమానం గట్టిపడుతుంది. ఈ స్కాన్ ఇన్ఫెక్షన్ ఉంటే తప్పిపోనివ్వడం అరుదు, లేనిచోట ఉన్నట్టు చూపడమే దీని బలహీనత. రిపోర్టులో ఎస్‌యూవీ అని, ఆ చోటు ఎంత గాఢంగా వెలిగిందో చెప్పే ఒక అంకె ఉంటుంది, దాన్ని పట్టుకుని గూగుల్‌లో వెతికి రాత్రంతా టెన్షన్ పడేవాళ్లని చూశాను. ఆ అంకె ఒక్కదానితో ఏదీ తేలదు.

2016లో గ్రాఫ్ట్ ఇన్ఫెక్షన్ తేల్చడానికి నిపుణులు ఒక పద్ధతి రాసుకున్నారు, దానికి మ్యాజిక్ అని పేరు, పేరే తప్ప అందులో ఇంద్రజాలమేం లేదు. పేషెంట్ లక్షణాలు, స్కాన్లు, ల్యాబ్, ఈ మూడింట్లో పెద్ద ఆధారాలు, చిన్న ఆధారాలు అని విడగొట్టారు. ఆశ్చర్యం ఏమిటంటే, వేలకు వేలు పోసి చేయించే పెట్ స్కాన్‌ని అందులో చిన్న ఆధారాల పక్కన కూర్చోబెట్టారు. గ్రాఫ్ట్ పక్కన ఉన్న నీటిని సూదితో తీస్తే అందులో క్రిమి దొరకడం మాత్రం పెద్ద ఆధారం. ఈ స్కాన్లు చేసే న్యూక్లియర్ మెడిసిన్ మా విభాగం, దాని గొప్ప చెప్పుకోవాల్సిన నేనే ఇది రాస్తున్నాను కాబట్టి నమ్మండి. స్కాన్ చూసి ఎక్కడ సూది గుచ్చాలో తెలుస్తుంది, ఎంత తీసేయాలో సర్జన్‌కి అంచనా వస్తుంది. ఇన్ఫెక్షన్ అని తేలితే ఆ తర్వాతి ఆపరేషన్ చిన్నది కాదు, పాత గ్రాఫ్ట్ తీసేసి, తొడ లోపలి సిరతోనో, ఎద్దు గుండె పొరతో చేసిన గొట్టంతోనో కొత్త దారి వేయాలి. అంత భారం మోయలేని పెద్దవాళ్లకు నెలల తరబడి, ఒక్కోసారి జీవితాంతం యాంటీబయాటిక్స్ మీదే నెట్టుకొస్తాం. అంత పెద్ద నిర్ణయం ఒక్క రంగుల బొమ్మ చూసి ఎవరూ తీసుకోకూడదు. మీ సర్జన్, ఇన్ఫెక్షన్ డాక్టర్, మాలాంటివాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారా అని ధైర్యంగా అడగండి.

స్కాన్ రోజు గురించి. కనీసం ఆరు గంటలు నీళ్లు తప్ప ఏమీ వద్దు. ముందు రోజు రాత్రి అన్నం, చపాతీ, స్వీట్లు తగ్గించి గుడ్డు, పనీరు, కూర లాంటివి పెడితే ఇంకా మంచిది. షుగర్ 200 లోపు ఉండాలి, అంతకంటే ఎక్కువుంటే రక్తంలో చక్కెరే పోటీకొచ్చి మందుని లోపలికి పోనివ్వదు. నాన్నగారు మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే అది పేగుల్ని వెలిగిస్తుంది. చిన్నపేగు బృహద్ధమనికి ఆనుకునే పోతుంది కాబట్టి ఏది పేగో ఏది గ్రాఫ్టో తెలియక చస్తాం. రెండు రోజుల ముందు ఆపొచ్చేమో ఆయన షుగర్ డాక్టర్‌ని అడగండి, సొంతంగా ఆపకండి. ఆమధ్య ఒక పెద్దాయన పొద్దున్నే ఇరానీ చాయ్‌లో రెండు ఉస్మానియా బిస్కెట్లు ముంచుకు తిని వచ్చి, టిఫిన్ ఏం చేయలేదు సార్, చాయే కదా అన్నారు. ఆ రోజు స్కాన్ లేదు. మరోటి, ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకు సగమైపోతుంది, మెట్టుగూడలో ట్రాఫిక్ ఉందంటే అది ఆగదు, ఇచ్చిన టైముకి చేరుకోండి. సూది వేశాక గంటసేపు ఫోను లేకుండా కదలకుండా పడుకోవాలి, కదిలితే కండరాలు మందు లాగేస్తాయి. ఇక ఫైలు. ఆపరేషన్ తేదీ, ఏ రకం గ్రాఫ్ట్ వేశారో రాసిన డిశ్చార్జ్ సమ్మరీ, పాత సీటీల సీడీలు, ఏ యాంటీబయాటిక్ ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్న చీటీ. రిపోర్టు కాగితం ఒక్కటే తెస్తారు చాలామంది, పాత బొమ్మలు లేకపోతే మందం కొత్తదో పాతదో మాకెలా తెలుస్తుంది?

అమ్మగారికి చెప్పండి, పది గంటలు గడిచేసరికి ఎక్కించిన దాంట్లో వందకు రెండు మూడు వంతులు కూడా మిగలదు, చాలా భాగం మూత్రంలోనూ పోతుంది, నీళ్లు బాగా తాగించమనండి. రేడియేషన్ అసలు లేదని అనను, ఉంది, మామూలు సీటీ స్కాన్‌లతో పోల్చదగినంత. 69 ఏళ్ల మనిషికి ఆ భయం ఈ జ్వరం ముందు ఏపాటిది? అయినా మల్కాజిగిరి నుంచి ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్ ఎంత దూరమని, ఆ దగ్గర్లోనే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌ని 1971 నుంచి పెట్టుకుని బతుకుతున్నాం మనం.

ఒక్కటి మాత్రం వాయిదా వేయొద్దు. విరేచనం నల్లగా తారులా అయినా, వాంతిలో రక్తం కనిపించినా, కొంచెమే కదా, ఆగిపోయింది కదా అనుకోవద్దు. గ్రాఫ్ట్‌కీ పేగుకీ మధ్య కన్నం పడితే మొదట కొంచెం రక్తం పోయి ఆగుతుంది, గంటల్లోనో రోజుల్లోనో అసలుది వస్తుంది. ఐరన్ మాత్రలకీ విరేచనం నల్లగా అవుతుంది, నిజమే, ఆ తేడా తేల్చడం ఎమర్జెన్సీ వాళ్ల పని. అర్ధరాత్రయినా బయల్దేరండి. పెట్ అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి.

ప్రశ్న: మా వారికి పొట్ట కోసి గ్రాఫ్ట్ వేసి ఆరు వారాలు. మళ్లీ జ్వరం వస్తోంది. ఇంటర్నెట్‌లో పెట్ స్కాన్ గురించి చదివి మేమే అడిగితే డాక్టర్ ఇప్పుడు వద్దు అన్నారు. ఖర్చుకు మేం వెనకాడటం లేదు. ఎందుకు వద్దన్నట్టు? (ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: ఖర్చు గురించి కాదమ్మా. ఆరు వారాలకు లోపల గాయం ఇంకా మానుతూనే ఉంటుంది, ఆ మానడం కూడా స్కాన్‌లో వెలుగుతుంది. ఇప్పుడు చేస్తే అంతా ఎర్రగా కనిపిస్తుంది, మీ భయం రెట్టింపవుతుంది, జవాబు మాత్రం రాదు. సీటీ కూడా ఈ దశలో మోసం చేయగలదు. కొత్తలో గ్రాఫ్ట్ చుట్టూ కాస్త గాలి, నీరు ఉండటం మామూలే. గాలి ఏడు వారాలు దాటినా, నీరు మూడు నెలలు దాటినా ఉంటే అప్పుడు లెక్కలోకి తీసుకుంటాం. అలాగని జ్వరాన్ని వదిలేయమని కాదు. కల్చర్లు, ఆపరేషన్ గాయం చూడటం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే, అవసరమైతే సీటీ చూసుకుంటూ నీటిని సూదితో తీయడం, ఇవన్నీ ఇప్పుడే చేయొచ్చు. మా విభాగంలో ఈ తొలి నెలలకు కాస్త నయమైనది తెల్లకణాల స్కాన్, అంటే మీవారి తెల్ల రక్తకణాలకే రేడియో పదార్థం తగిలించి తిరిగి ఎక్కించి తీసేది. అది వాపు ఉన్న ప్రతిచోటా కాకుండా తెల్లకణాలు నిజంగా పోగవుతున్న చోటే చూపిస్తుంది. మీ డాక్టర్ గారిని ఆ సంగతి అడిగి చూడండి, అన్ని సెంటర్లలో చేయరు.

ప్రశ్న: పెట్ స్కాన్ మామూలుగా వస్తే ఇన్ఫెక్షన్ లేనట్టేనా? (కూకట్‌పల్లి)

జవాబు: దాదాపు. చాలా వారాలుగా యాంటీబయాటిక్ మీద ఉన్న మనిషికైతే ఆ దాదాపు ఇంకాస్త పలచబడుతుంది, మందు వల్ల వెలుగు అణిగి ఉండొచ్చు. జ్వరం, సీఆర్పీ దిగకపోతే కొన్ని వారాలాగి మళ్లీ చూడాల్సిందే. అప్పుడు వేరే కారణాలూ వెతకాలి, మన దేశంలో టీబీని మర్చిపోతే ఎలా? టీబీ గడ్డలు కూడా పెట్‌లో జోరుగా వెలుగుతాయి, అనుకోకుండా ఇదే స్కాన్‌లో దొరికిన సందర్భాలు ఉన్నాయి.

ప్రశ్న: మామయ్యకి రేపు పెట్ స్కాన్. నాకు ఇప్పుడు ఐదో నెల. ఇంట్లో ఉండొచ్చా? (ఉప్పల్)

జవాబు: ఉండొచ్చమ్మా. ఆ రోజు సాయంత్రం వరకు ఆయన పక్కన కూర్చోకుండా, వేరే గదిలో ఉండండి. ఆసుపత్రికి తోడు మీరు వెళ్లొద్దు, ఇంకెవర్నైనా పంపండి. పసిపిల్లల్ని కూడా ఆ పూటకి తాతయ్య ఒళ్లో కూర్చోబెట్టకండి. మర్నాటి నుంచి మామూలే.

ప్రశ్న: నాకు తెల్లకణాల స్కాన్ రాశారు. రక్తం తీసి, ఏదో కలిపి, మళ్లీ ఎక్కిస్తారట. వేరేవాళ్ల రక్తం మారిపోతే? రెండు రోజులు ఎందుకు రమ్మంటున్నారు? (పేరు వద్దన్నారు, టోలిచౌకి)

జవాబు: మంచి ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న. సుమారు 40, 50 మిల్లీలీటర్ల రక్తం తీస్తారు, అందులోంచి తెల్లకణాల్ని విడదీసి, శుభ్రమైన ప్రత్యేక క్యాబినెట్‌లో టెక్నీషియం-99ఎం తగిలించి (కొన్నిచోట్ల ఇండియం-111) మీకే ఎక్కిస్తారు. దీనికే రెండు మూడు గంటలు పడుతుంది. మీ సైనికులకే చిన్న లాంతర్లు కట్టి వెనక్కి పంపడం అనుకోండి, వాళ్లు ఎటు నడుస్తారో మేం చూస్తూ ఉంటాం. అందుకే కాసేపటికి ఒకసారి, మూడు నాలుగు గంటలకు ఒకసారి, మర్నాడు ఇంకోసారి ఫొటో. తొలి ఫొటోలో రక్తం పారే చోటల్లా కనిపిస్తుంది, బృహద్ధమని అంటేనే రక్తం పారేది కదా. మర్నాటికి ఆ వెలుగు ఒకచోట తగ్గకుండా పెరిగిందంటే అక్కడ ఇన్ఫెక్షన్ అనుమానం బలపడుతుంది. టెక్నీషియం ఆరు గంటలకోసారి సగమవుతుంది కాబట్టి మర్నాటి ఫొటోకి మెషీన్ కింద ఎక్కువసేపు పడుకోబెడతారు, విసుక్కోవద్దు.

రక్తం మారిపోవడం గురించి. మంచి సెంటర్లలో ఒక పేషెంట్ రక్తం పని పూర్తయ్యాకే రెండోది ముట్టుకుంటారు. అయినా మీరు చేయగలిగిందొకటుంది. రక్తం తీసినప్పుడు సిరంజి మీద మీ పేరు, నంబరు మీ కళ్ల ముందే రాయించుకోండి. మళ్లీ ఎక్కించేటప్పుడు ఆ సిరంజి చూపించమని అడిగి, పేరు మీరే పైకి చదవండి. నర్సమ్మ ఏమన్నా అనుకుంటుందని మొహమాటపడొద్దు, వాళ్లకీ అదే కావాలి.